విష్ణుక్రాంత కాని పువ్వు

గంగారత్నం తన ఒంటరితనానికి కారణం కనిపెట్టేసింది. కారణం కువైట్ కాదు, ఏజెంటు కాదు, మొగుడు దొరబాబు అసలే కాదు. సగంలో ఆగిపోయిన ఒక నోము.

ఇలాంటి కారణాలు కనిపెట్టడంలో మన ఆడవాళ్ళను మించినవాళ్ళు లేరు. తప్పు ఎవరిదైనా సరే, దాన్ని తెచ్చి తమ నెత్తిన పెట్టుకుంటేగాని వాళ్ళకు మనసు కుదుటపడదు. గంగారత్నం కూడా అంతే. కువైట్‌లోని జాబ్రియాలో ఒక ఇంటి పనిమనిషిగా ఏళ్ళు గడిచాక, పలకరించే దిక్కులేక తను ఎందుకిలా అయిపోయిందా అని తీరిగ్గా ఆలోచించి, ఆ నోము దగ్గర ఆగింది.

దాని పేరు నీలిపూల నోము. మీ ఊళ్ళో ఉండకపోవచ్చు. కోనసీమలో ఆవిడ పుట్టిన లంకలో మాత్రం ఉంది. మాఘమాసంలో ఒక ఉదయం, విష్ణుక్రాంత పూలు విచ్చుకుని ఉండగానే, ఒక ముత్తయిదువను పిలిచి పసుపు, కుంకుమ, తాంబూలం, నానబెట్టిన శనగలతో పాటు ఆ పూలు కూడా పెట్టి వాయనం ఇవ్వాలి. విష్ణుక్రాంత మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోయే పువ్వు కాబట్టి ఆలస్యం పనికిరాదు. అలా వరసగా మూడేళ్ళు ఇస్తే, ఇచ్చినావిడకు జన్మలో తోడు కరువవదని నమ్మకం. పలకరించే నోరొకటి ఎప్పుడూ పక్కన ఉంటుందట.

గంగారత్నం రెండేళ్ళు ఇచ్చింది. రెండుసార్లూ పుచ్చుకున్నది పక్కింటి బేబి. మూడో మాఘం వచ్చేసరికి వీసా వచ్చింది. వచ్చే ఏడు ఇద్దాంలే అనుకుని విమానం ఎక్కింది. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు.

మామా చెడ్డ మనిషి కాదు. కువైట్‌లో పనిచేసే వాళ్ళంతా ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు. తిండి పెడుతుంది, జీతం ఇస్తుంది, ఒళ్ళు వేడెక్కితే మాత్ర ఇస్తుంది. కానీ గేటు దాటి వెళ్ళనివ్వదు. ఇల్లు తుడవడానికి, వండటానికి, గిన్నెలు కడగడానికి ఎన్ని అరబ్బీ ముక్కలు కావాలో అన్నీ గంగారత్నానికి వచ్చు. కడుపులో మాట చెప్పుకోవడానికి ఒక్కటీ రాదు. దాంతో ఆవిడ మేడ మీద బట్టలు ఉతికే మిషనుతో మాట్లాడటం మొదలుపెట్టింది. అది గుడగుడలాడుతుంటే ఊఁ కొడుతున్నట్టే ఉండేది.

దొరబాబు సంగతి ఎక్కువ చెప్పను. చెబితే నోరు పారేసుకోవాల్సి వస్తుంది. మొదట్లో ఫోన్ కార్డు గీకి నంబరు నొక్కితే, డబ్బు అందిందనీ బాగానే ఉన్నాననీ చెప్పేవాడు. తరవాత తరవాత ఫోను మోగేది, ఎవరూ ఎత్తేవారు కాదు. గంగారత్నం మాత్రం, పాపం పనిలో ఉన్నాడేమో అనుకునేది.

ఎదురింటి మేడ మీద కొన్నాళ్ళు ఒక తమిళావిడ ఉండేది. చేతులతో, సగం సగం మాటలతో స్నేహం కుదిరే సమయానికి ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది. తరవాత ఒక సింహళపు పిల్ల వచ్చింది, అదీ వెళ్ళిపోయింది. గంగారత్నానికి అనుమానం బలపడింది. తనకు తోడు దొరుకుతుంది, నిలవదు. రెండేళ్ళ నోముకు రెండేళ్ళ ఫలితమే వస్తుంది మరి.

ఆ తరవాత వచ్చింది ముత్తెవ్వ.

ఒక పొద్దున గంగారత్నం దుప్పట్లు ఆరేస్తుంటే పక్క మేడ మీద నుంచి ఎవరో పావురాన్ని తిడుతున్నారు. "నీ నోట్ల మన్ను వడ, ఇప్పుడే గద బట్టలు పిండి ఆరేసిన." గంగారత్నం చేతిలో తడి దుప్పటి నేలమీద పడిపోయింది. దాన్ని మళ్ళీ ఉతుక్కోవాలన్న ధ్యాస కూడా లేదు. పిట్టగోడ దగ్గరికి పరుగెత్తి నువ్వు తెలుగుదానివా అని అడిగింది. కాకపోతే ఏంది అన్నది అవతలి మనిషి.

ముత్తెవ్వది జగిత్యాల దగ్గర పల్లె. గంగారత్నం కంటే కాస్త చిన్నది, నవ్వితే మేడంతా వినిపిస్తుంది. రెండు ఇళ్ళకూ మధ్య సన్నటి సందు. చెయ్యి చాపితే అందదు, మాట అందుతుంది. రోజూ పొద్దున్నే బట్టలు ఆరేసే వేళకు ఇద్దరూ పైకి వచ్చేవారు. ఒకరి భాష ఒకరికి సగం నవ్వు, సగం తగువు. ఆనపకాయ అని గంగారత్నం అంటే సోరకాయ అని ముత్తెవ్వ దిద్దేది. మీ గోదారోళ్ళు మాటకు మాట సాగదీస్తరని వెక్కిరించేది. మీరు మాటను మధ్యలోనే విరిచేస్తారని గంగారత్నం అనేది. ఇంతోటి కబుర్ల కోసం గంగారత్నం ఉతకక్కర్లేని తువ్వాళ్ళు కూడా ఉతకడం మొదలుపెట్టింది.

ముత్తెవ్వ తన మొగుడి గురించి ఎప్పుడన్నా చెప్పేది. మా ఆయనకు పచ్చిపులుసు అంటే పాణమనీ, మా ఆయనకు కోపం ముక్కు మీదుంటదనీ. గంగారత్నం దొరబాబు గురించి చెప్పేది. ఆయన ఇప్పుడేం చేస్తున్నాడో తెలియదు కాబట్టి, వెనకటి సంగతులే తిప్పి తిప్పి చెప్పేది. ఇద్దరికీ అదొక కాలక్షేపం.

సంతోషంతో పాటు భయం కూడా మొదలైంది. ముందు ఇద్దరూ వెళ్ళిపోయారు. ఈవిడ కూడా వెళ్ళిపోతే మళ్ళీ మిషనుతో మాట్లాడుకునే బతుకే. ముత్తెవ్వ నిలవాలంటే మూడో వాయనం తీరాలి. పుచ్చుకోవడానికి మనిషి దొరికింది, పువ్వు లేదు. కువైట్ ఎడారిలో విష్ణుక్రాంత ఎక్కడినుంచి వస్తుంది?

ఆ చలికాలం వానలు గట్టిగా పడ్డాయి. కువైటీలకు వానలు పడితే ఇంట్లో కాలు నిలవదు. ఎడారిలో డేరాలు వేసుకుని, మంటలు పెట్టుకుని, వారాంతాలన్నీ అక్కడే గడుపుతారు. మామా వాళ్ళూ వేశారు. వండిపెట్టడానికి గంగారత్నాన్ని కూడా తీసుకెళ్ళారు. రెండు మూడు రోజులు ముత్తెవ్వను చూడకుండా ఉండాలని ఆవిడ గొణుక్కుంటూనే కారెక్కింది.

రెండో రోజు పొద్దున పళ్ళేలు కడిగిన నీళ్ళు పారబోయడానికి డేరా వెనక్కి వెళ్ళింది. వాననీళ్ళు నిలిచి ఇంకిపోయిన పల్లంలో ఇసుక మీద సన్నగా పచ్చదనం పరుచుకుని ఉంది. మధ్యలో నీలిపూలు, చిటికెన వేలి గోరంత. నేలను అంటుకుని, ఎండకు ముఖం పెట్టి, చూసిన ప్రతిచోటా ఉన్నాయి.

గంగారత్నం బేసిను పక్కన పడేసి అక్కడే చతికిలబడింది. విష్ణుక్రాంతా, నువ్వు ఇక్కడికి ఎలా వచ్చావే అంది. ఏడుపు వచ్చింది. సొంత ఊరి మనిషి పరాయి బస్టాండులో కనబడితే వచ్చే ఏడుపు అది. కాసేపు ఏడ్చి, పాలపొడి డబ్బా ఖాళీది తెచ్చి, గరిటెతో మట్టితో సహా మొక్కలు పెకలించి అందులో పెట్టుకుంది. మామా చూసి నవ్వింది. ఇది గొర్రెలు కూడా ముట్టవు, వానకు మొలిచి ఎండకు చచ్చిపోతుంది, దీన్ని ఇంటికెందుకు మోస్తావంది. గంగారత్నం కారులో దారి పొడుగునా ఆ డబ్బాను ఒడిలో పెట్టుకుంది.

మేడ మీదికి తెచ్చి, తీరిగ్గా, కళ్ళు తుడుచుకుని చూస్తే అది విష్ణుక్రాంత కాదు.

విష్ణుక్రాంత పువ్వు గుండ్రంగా, అంతా ఒకే రేకులా ఉంటుంది. దీనికి అయిదు రేకులు విడివిడిగా ఉన్నాయి, నడుమ కుంకుమ చుక్కంత ఎరుపు. విష్ణుక్రాంత ఆకు మీద నూగు ఉంటుంది. దీని ఆకు నున్నగా ఉంది. కాడ పట్టుకుంటే పలకలుగా తగిలింది. డబ్బాను ఒక మూల పెట్టేసింది. మధ్యాహ్నం మళ్ళీ మేడెక్కి చూస్తే పూలన్నీ ముడుచుకుని ఉన్నాయి.

అది చాలు ఆవిడకు. ముడుచుకునే గుణం ఉందంటే ఏదో ఒక చుట్టరికం ఉండే ఉంటుంది. అదే విష్ణుక్రాంత ఎడారికి వచ్చి ఇలా చిక్కిపోయిందేమో. తను మాత్రం వచ్చినప్పటిలా ఉందా? పరాయి దేశంలో పువ్వుకు ఆమాత్రం మినహాయింపు ఇస్తే దేవుడు కాదనడు. ఈ సంగతంతా మర్నాడు పొద్దున ముత్తెవ్వకు వివరంగా చెప్పింది. నోము కథ, బేబి, ఆగిపోయిన మూడో వాయనం, పువ్వు, అన్నీ. "రేపు తలంటుకుని రావే ముత్తెవ్వా. మూడోది నీకే ఇత్తన్నాను" అంది. ముత్తెవ్వ మిగిలిన బట్టలు గబగబా ఆరేసింది. ఆ రోజు ఎక్కువసేపు నిలబడలేదు కూడా.

మినహాయింపులు ఒక్క పువ్వుతో ఆగలేదు. మాఘం నడుస్తోందో వెళ్ళిపోయిందో చూసుకోవడానికి పంచాంగం లేదు. చలి ఉంది కాబట్టి మాఘమే అనుకుంది. తమలపాకు లేదు. మామా వాళ్ళు అన్నంలో నంజుకునే జర్జీర్ ఆకు రెండు తీసి కడిగి పెట్టింది. వక్కలకు బదులు ఖర్జూరాలు. రవికగుడ్డ లేదు, రంజాన్‌కి మామా ఇచ్చిన కొత్త తలగుడ్డ మడిచి పెట్టింది. పసుపు వంటింటిది. కుంకుమ మాత్రం అసలైనది, ఊరినుంచి తెచ్చుకున్న భరిణలో అడుగున మిగిలింది. శనగలకు లోటులేదు, కువైట్‌లో శనగలు ఏ వంటింట్లోనైనా ఉంటాయి. అన్నీ లోపలివి కనిపించే పల్చటి ప్లాస్టిక్ సంచిలో సర్ది, పైన నీలిపూలు వేసింది.

ఇక సందు దాటించేది ఎలా? దానికీ ఉపాయం ఉంది. నేల తుడిచే కర్రను శుభ్రంగా కడిగి, దానికి పసుపు రాసి, చివర సంచి తగిలించింది. వాయనాన్ని కర్రతో ఇచ్చిన ముత్తయిదువ లోకంలో ఇంకొకరు ఉంటారనుకోను. నవ్వొచ్చే సంగతే, కానీ గంగారత్నం ముఖం చూస్తే నవ్వలేం. పెళ్ళికూతుర్ని చేసినట్టుంది ఆ ముఖం.

ముత్తెవ్వ వచ్చింది. తలంటుకుంది, జుట్టు తడిగా వీపు మీద ఉంది. చేతిలో బట్టల బకెట్టు లేదు. గంగారత్నం కర్ర రెండు చేతులా పట్టుకుని పిట్టగోడ మీదుగా ముందుకు చాపింది. సంచి సందు మీద ఊగుతోంది. "ఇత్తినమ్మా వాయనం" అంది.

ముత్తెవ్వ చేతులు చాచలేదు.

"అక్కా, జర ఆగు. నాకియ్యద్దు" అంది. "నా పెనిమిటి లేడు. సచ్చిపోయిండు. నేనీడికి రాకముందే, బాయికాడ మోటర్ ఏస్తుంటె కరెంటు గొట్టింది."

సంచి ఇంకా సందు మీదే ఊగుతోంది.

"మొగడు లేడంటె డ్రైవర్లు ఊకోరు, ఉన్నడనే చెప్పమని ఏజెంటు చెప్పిండు. గట్లనే అలవాటైంది. నీ తోటి ముచ్చట వెడుతుంటె నాగ్గూడ ఉన్నట్టే ఉండేది." సంచి వైపు చూసింది. "రాత్రంత ఆలోచించిన. సప్పుడు జేయక పుచ్చుకుందునా అనుకున్న. కని నీ నోము ఖరాబైతది గదక్కా. గంత మనసువెట్టి చేసుకుంటున్నవ్."

కర్ర వెనక్కి వచ్చింది. ఎక్కువ కాదు, జానెడు.

వెనక్కి తియ్యాలని గంగారత్నం అనుకోలేదు, ఆ మాట ఒట్టేసి చెప్పగలదు. చేతులు తీశాయి. మనసు ఇంకా అయ్యో అనే దగ్గరే ఉంది, ఈలోపల చేతులు తమ పని చేసేశాయి. చిన్నప్పటి నుంచి ఏది ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో చూస్తూ పెరిగిన చేతులు అవి. వాటికి నేర్పించిన వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతుంది గాని, ఇప్పుడు మండి ఏం లాభం. ముత్తెవ్వ చూసింది.

ఆమెకు కోపం వచ్చినట్టు లేదు. వస్తే బాగుండేది.

"ఆకు లేకుంటె జర్జీర్ వెట్టినవ్. వక్క లేకుంటె ఖర్జూరం వెట్టినవ్. పువ్వు గది కాదని నువ్వే చెప్పినవ్. అన్నిటికి సర్దుకున్నవ్ అక్కా. నా కాడ్నే ఆగినవ్."

అంతే అంది. తడి జుట్టు ముడి వేసుకుంటూ మెట్ల తలుపు తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. పిలవాలి. గంగారత్నానికి తెలుసు, పిలవాలని. పిలవలేదు. కర్ర చివర సంచి అలాగే వేలాడుతోంది. చేతులు లాగేదాకా నిలబడి, ఆఖరికి కర్రను దింపి గోడకు ఆనించింది. మధ్యాహ్నం చూసేసరికి సంచిలో పూలు ముడుచుకుపోయి ఉన్నాయి.

ఆ సాయంత్రం మామాను బతిమాలి దొరబాబుకు ఫోన్ చేసింది. ఎందుకు చేసిందో ఆవిడకే సరిగ్గా తెలియదు. మొగుడున్న మనిషినని తేల్చుకోవడానికేమో. అటువైపు మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అంతే. ఫోను పక్కన కూర్చుని గంగారత్నం మొదటిసారి దొరబాబు పనిలో ఉన్నాడేమో అనుకోలేదు. మొగుడు పోయినా, మా ఆయనకు పచ్చిపులుసు ఇష్టమని చెప్పుకునే ముత్తెవ్వను తలుచుకుంది. మొగుడు ఉన్న తనకు చెప్పుకోవడానికి కొత్త మాట ఒక్కటీ లేదు. ఎవరు ముత్తయిదువ, ఎవరు కాదు అన్న లెక్క ఆవిడ బుర్రలో అక్కడితో తెగిపోయింది.

మర్నాడు మేడెక్కేసరికి పక్క మేడ మీద బట్టలు అప్పటికే ఆరేసి ఉన్నాయి. ఆ మర్నాడు ఇంకా ముందు వెళ్ళింది, అప్పటికే ఆరేసి ఉన్నాయి. ఆ ఇంటాయన తెల్లటి పొడుగు దిష్‌దాషా అంగీలు, పిల్లల యూనిఫారాలు, ఒక మూల ముత్తెవ్వ పూల నైటీ. బట్టలు ఉన్నాయి, మనిషి లేదు. గంగారత్నం సందులోకి వంగి పేరుపెట్టి పిలిచింది. కింద ఏసీ మిషను హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఇంకోరోజు పిలిస్తే ఆ ఇంటి మామా కిటికీ తీసి, యల్లా, నీ పని చూసుకో అని కసిరింది.

ఆవిడకు కావలసింది ఇప్పుడు వాయనం తీర్చడం కాదు. ముత్తెవ్వ ఎదురుగా నిలబడి, నా చేతులు చేసిన పనికి నేను సిగ్గుపడుతున్నానే అని చెప్పడం. అది చెప్పకపోతే బతకలేనన్నంత బాధ పట్టుకుంది. ఎలా చెప్పాలో వంట చేస్తూ, నేల తుడుస్తూ, లోపల్లోపల దిద్దుకుంది.

శుక్రవారం మామా వాళ్ళంతా డేరాకు వెళ్ళి, ఈసారి ఆవిడను ఇంట్లో వదిలారు. అరబ్బీ వాసన లేని వంట చేసుకునే రోజు దొరికింది. శనగపప్పు ఉడికించి, బెల్లం లేక పంచదారే కలిపి, పూర్ణం బూరెలు వండింది. ముత్తెవ్వ ఒకసారి అడిగింది, మీ గోదారోళ్ళు బూరెలని గొప్పలు చెప్పుకుంటరు, అవెట్లుంటయని. బూరెలు సంచిలో పెట్టుకుని, శనివారం ఇంకా తెల్లవారకముందే మేడ మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు చాటున కూర్చుంది. పాలపొడి డబ్బాలో మొక్కలు సగం ఎండిపోయాయి. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. ఆవిడ వాటికి నీళ్ళు పోయలేదు, మర్చిపోయింది.

వెలుగు వచ్చాక పక్క మేడ తలుపు చప్పుడైంది. గంగారత్నం లేచి, సంచిని కర్రకు తగిలించి పిట్టగోడ దగ్గరికి గబగబా వెళ్ళింది. అనుకున్న మాటలన్నీ నోటి చివర ఉన్నాయి.

వచ్చింది ముత్తెవ్వ కాదు. ఎవరో సన్నటి పిల్ల, ఏ దేశమో తెలియదు, బకెట్టు మోయలేక ఒక పక్కకు ఒరిగిపోతోంది.

ముత్తెవ్వ ఏదని గంగారత్నం అరబ్బీలో అడిగింది. ఆ పిల్లకు అరబ్బీ ఇంకా అబ్బలేదు. ఫహాహీల్ అంది. చేతులతో పసిబిడ్డను ఊపినట్టు ఊపింది. ఆ ఇంటి కూతురు ఫహాహీల్‌లో ఉంటుందని, నిండు నెలలని ముత్తెవ్వే ఎప్పుడో చెప్పింది. పురిటి చాకిరీకి పంపేశారన్నమాట. వెనక్కి ఎప్పుడొస్తుంది? ఆ పిల్ల భుజాలు ఎగరేసింది. ముత్తెవ్వను పంపారా, తనే పోతానని అడిగిందా? ఆ సంగతి ఈ పిల్లను అడగడానికి ఏ భాషలోనూ మాటలు లేవు. ఫహాహీల్ పెద్ద దూరమేం కాదు, బస్సులు వెళ్తాయని అంటారు. గేటు దాటని మనిషికి ఫహాహీల్ అయినా జగిత్యాల అయినా ఒకటే.

గంగారత్నం పిట్టగోడ పట్టుకుని నిలబడింది. ఏడుపు పొంగుకొచ్చింది. ఆ రోజు కర్రను జానెడు వెనక్కి లాగకపోయి ఉంటే, ముత్తెవ్వ వెళ్ళేముందు ఒక్క కేక వేసి చెప్పి వెళ్ళేది. ఆ మాట మాత్రం ఆవిడకు ఖాయంగా తెలుసు.

కొత్త పిల్ల కర్ర చివర సంచి వైపు చూస్తోంది. బూరెల వాసన అటు కొట్టినట్టుంది. చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుంది. పొద్దున్న ఏమీ తిన్నట్టు లేదు.

గంగారత్నం కర్ర ముందుకు చాపింది. ఈ పిల్లకు పెళ్ళయిందో లేదో, అయితే మొగుడు ఉన్నాడో పోయాడో ఆవిడకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. సందు మీద సంచి ఊగింది. పిల్ల అటూ ఇటూ చూసి, రెండు చేతులూ చాచి అందుకుంది. అక్కడే నిలబడి ఒక బూరె తీసి కొరికింది. ఏదో అడిగింది, ఇది ఏమిటనో, ఎవరికనో.

"ముత్తెవ్వకని వండేనే" అంది గంగారత్నం. "నువ్వు తిను."

పిల్లకు ఏమీ అర్థం కాలేదు. తల ఊపి, రెండో బూరె తీసుకుంది.